నేలమీద తనిఖీ

జైళ్ళు కిక్కిరిశాయా లేదా చూడటానికి ప్రభుత్వం పంపే తనిఖీ అధికారికి ఒక అలవాటుండేది. ప్రతి బ్యారక్‌లోనూ బూట్లు విప్పి నేలమీద పడుకునేవాడు. "నిలబడి చూస్తే ఏ గదైనా విశాలంగానే ఉంటుందండీ" అనేవాడు. జైలు సందర్శకుల సంఘం సభ్యుడిగా నేను ఆయన వెంట తిరిగాను.

ఒక వేసవి మధ్యాహ్నం మా వైపు జైల్లో ఉన్నాం. గేటు బయట కొత్త రిమాండు ఖైదీలతో వ్యాను ఎండలో ఆగి ఉంది.

"చోటుందని ఒక్క సంతకం పెట్టండి సార్. లోపల సర్దుకుంటారు. ఎవరి ఖర్మ వాళ్ళది" అన్నాడు జైలరు.

నాకు ఒళ్ళు మండింది. ఇంకా నేరమే రుజువుకాని మనుషులకు ఇది ఏ జన్మ ఖర్మ?

అధికారి బ్యారక్‌లోకి వెళ్ళి, బూట్లు విప్పి నేలమీద పడుకున్నాడు. "మీరూ పడుకోండయ్యా, రాత్రి పడుకున్నట్టే" అన్నాడు. అక్కడున్న ఖైదీలంతా పక్కలకు తిరిగి, ఒకరి కాళ్ళ దగ్గర ఒకరు తలపెట్టి ఒదిగారు. గుంటూరు మిరప యార్డులో హమాలీగా చేసిన ఖైదీ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"నీకు వేరే చెప్పాలేంట్రా?" జైలరు గద్దించాడు.

"అయ్యగారు లేస్తే పడుకుంటానండి. అది నా చోటు."

అధికారి లేచి, గేటు దాకా నడిచి, వ్యాను వెనక్కి తిప్పమన్నాడు.

"ఎక్కడికి సార్? పొద్దుట వెళ్ళిన జైల్లోనూ ఇదే మాటన్నారండి" అన్నాడు డ్రైవరు.

బూట్లు చేత్తో పట్టుకుని, ఆయన ఆ ఎండలో అలాగే నిలబడిపోయాడు.