పుష్పకుమారి ఫ్రెంచి బడి

విశాఖ జ్ఞానాపురంలో పుష్పకుమారిని అందరూ ఫ్రెంచి టీచరమ్మ అనేవారు. నిజానికి ఆమె నర్సుగా చేసి రిటైరైంది. తాతలది యానాం. ఫ్రెంచివాళ్ల ఏలుబడి పోయాక బతుకుతెరువు వెతుక్కుంటూ విశాఖ వచ్చిన కుటుంబం. చిన్నప్పుడు నాయనమ్మ ఆమెతో ఫ్రెంచిలోనే మాట్లాడేది. ఆవిడ పోయాక ఆ భాషలో బదులు పలికే మనిషే లేకుండా పోయింది. పుష్పకుమారి ఊరంతా తిరిగి యానాం కుటుంబాలను వెతికి పట్టుకుంది. ఆదివారం పూజ అయ్యాక చర్చి వెనక గదిలో వాళ్ల పిల్లలకు ఫ్రెంచి చెప్పేది. ఏటా జూలైలో, ఫ్రెంచివాళ్ల జాతీయ పండగనాడు, అందరినీ పోగుచేసి నాయనమ్మ పాటలు పాడించేది.

మొదట్లో గది నిండేది. రానురాను కెనడా వీసా కోసం ఫ్రెంచి పరీక్ష రాసేవాళ్లే మిగిలారు, పరీక్ష కాగానే మాయమయ్యేవారు. ఆ గదిని కూడా వేరే పనికి ఇచ్చేశారు. బడి ఆమె వరండాలోకి మారింది. పోర్టు నుంచి వచ్చి పడే బొగ్గుపొడి తుడుచుకుని బెంచీల మీద కూర్చోవాలి. చివరికి అక్సా ఒక్కతే వచ్చేది. బ్యాంకులో ఉద్యోగం, ఏ పరీక్షా లేదు, ఇష్టంకొద్దీ వచ్చేది.

"ఎవులూ రాకపోతే ఎందుకే ఈ గోల?" అని భర్త యోహాన్ విసుక్కునేవాడు.

"నాను మానేత్తే మా నాయనమ్మ మళ్లీ సచ్చిపోద్ది" అనేదామె.

రెండేళ్ల కిందట వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇంటికొచ్చాక తెలుగు కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. ఫ్రెంచి రాలేదు. యోహాన్ అక్సాకు ఫోన్ చేశాడు.

"నువ్వోపాలి వచ్చి మాటాడి సూడమ్మా. ఇన్నేళ్లు పక్కనుండి నాను ఒక్క ముక్క నేర్సుకోలేదు."

అక్సా మంచం పక్కన కూర్చుని, పరలోక ప్రార్థన ఫ్రెంచిలో మెల్లగా చెప్పింది. టీచరమ్మ నేర్పిందే. పుష్పకుమారి రెప్ప వాల్చకుండా అక్సా పెదాల వంక చూసింది. నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

"ఆపీయమ్మా. తెలిసిందే అనిపిస్తంది, దొరకట్లేదు. బయ్యమేత్తంది."

ఆ జూలై కూడిక అక్సాయే నడిపింది. వచ్చింది కొన్ని కుటుంబాలే. పాట ఎత్తుకుంటే గొంతు కలిపినవాళ్లు లేరు. అలవాటుకొద్దీ అందరూ పుష్పకుమారి వైపు తిరిగారు. ఆమె తల దించుకుంది. అక్సా ఒక్కతే పాడి ముగించాక చప్పట్లు వినపడితే, తనూ ఎడమచేత్తో తొడ మీద కొట్టింది. భోజనాలు చేసి వెళ్లిపోయారు. మరుసటేడు ఎవరూ ఎవరినీ పిలవలేదు.

అక్సా ఇప్పటికీ ఆదివారాలు వస్తుంది. టీచరమ్మకు అన్నం కలిపి పెడుతుంది. ఎండల గురించీ కూరల గురించీ మాట్లాడుకుంటారు. ఫ్రెంచి ఊసు ఇద్దరూ ఎత్తరు.