మాయమైన చుక్కలు

లాసెం ఊళ్లో కరిగిన మైనంతో గుడ్డ మీద బొమ్మలు గీసే పోనిరాకి ఎవరి మీదా నమ్మకం లేదు. మైనపు కలం ముక్కు మూసుకుపోకుండా ఉఫ్‌మని ఊదుతుంది, ఊదిన ప్రతిసారీ తన పనితనం ఎవరైనా చూసి ఎత్తుకుపోతారేమోనని చుట్టూ ఓరకంట చూస్తుంది. డెంగ్యూ తగ్గి పనిలోకి వచ్చిన రోజు నుంచీ, పక్షి రెక్కల్లో తను పెట్టిన చుక్కలు మాయమవుతున్నాయి. ఎక్కడ చూపు నిలిపితే అక్కడే ఉండవు. మళ్లీ పెడుతుంది, మళ్లీ ఉండవు. అనుమానమంతా మైనం పొయ్యికి అవతల కూచుని గీసే వార్తిని అనే పిల్ల మీదే. జ్వరమప్పుడు రోజూ జామపండు రసం తెచ్చిచ్చింది. ఊరికే తెస్తారా ఎవరైనా?

"నా చుక్కలు గీకేస్తున్నది నువ్వే కదూ?" అంది ఈ పొద్దున.

"నాకేం పనక్కా! నా మొహం చూసి ఆ మాట అను."

పోనిరా సూటిగా చూసింది. కొప్పు ఉంది, చెవిపోగులున్నాయి. మధ్యలో మొహం లేదు, బూడిదరంగు మచ్చ ఉంది.

"మొహం ఎక్కడ దాచావే?"

వార్తిని చేతిలో కలం కింద పెట్టేసింది. "అయ్యో అక్కా! మా అన్నకీ డెంగ్యూ తగ్గాక చూపు మధ్యలో ఇలాగే మచ్చ పడింది. లే, కంటి డాక్టరు దగ్గరికి పోదాం."

పోనిరా నమ్మలేదు. అలవాటుగా మొహం తిప్పుకుని ఓరకంట చూసింది. గుడ్డ మీద చుక్కలన్నీ ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడి ముద్దలు కట్టి. ఆ గుడ్డకు అవతల వార్తిని మొహమూ ఉంది. ఏడుస్తోంది.