గుర్తు కోసం ఫొటో

ఈ పొద్దున పరిగి నుంచి వికారాబాద్ వెళ్తున్న మా బస్సును పోలీసులు ఆపారు. భూముల విషయంలో కలెక్టర్‌కు అర్జీ ఇవ్వడానికి అందులో కొందరు రైతులు వెళ్తున్నారు. ఒక కానిస్టేబుల్ ఎక్కి, ఎందుకో చెప్పకుండానే అందరి ముఖాలూ ఫోన్లో ఫొటోలు తీయసాగాడు. అందరూ ముఖాలు చూపిస్తున్నారు. నా పక్కనున్న గొర్రెల కాపరి మల్లయ్య మాత్రం ముఖానికి కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"జర కండువా తియ్యి తాతా. గుర్తు కోసమే."

"గుర్తు కోసం మా గొర్లకు మేం రంగు పూస్తం సారూ, అవి మావి గాబట్టి. నేనెవని గొర్రెను?"

కానిస్టేబుల్ ముఖం ఎర్రబడింది. చివరికి అతను వెనక సీటు వైపు ఫోన్ తిప్పాడు. అక్కడి ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేను అప్పటికే జుట్టు సవరించుకుని మరీ ఫొటో దిగాను.