బర్రెతో పెళ్లికి వెళ్లిన మా అవ్వ

మా అమ్మ వాళ్ల అమ్మకు, అంటే మా అవ్వకు, నీళ్లంటే భయం లేదు, పాములంటే భయం లేదు. మోటారు సైకిలంటే మాత్రం హడలు. ముత్తుకూరు దాటాక ఉప్పుకాలువ ఒడ్డున వాళ్ల ఊరు. పుట్టింట్లోనూ బర్రెలే, మెట్టినింట్లోనూ బర్రెలే. వాటి తోక పట్టుకునే ఈత నేర్చుకున్నానని గొప్పగా చెప్పేది. ఆవిడ పోయి మూడేళ్లవుతోంది. ఇప్పటికీ మా చుట్టాలు ఎక్కడ కలిసినా ఆ పెళ్లి ముచ్చటే ఎత్తుతారు.

నేను ఐదో తరగతి అయిపోయి వేసవి సెలవులకు అక్కడ ఉన్నాను. అవ్వ తమ్ముడి కూతురి పెళ్లి. వాళ్లది కాలువ అవతలి ఊరు. ముందురోజు మధ్యాహ్నం మేము రేవుకు పోయేసరికి పడవ అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. పడవతను కూడా పెళ్లికే పోయాడట.

అవ్వ కొడుకు, మా మామ, మోటారు సైకిల్ తీశాడు. "చుట్టు తిరిగి రోడ్డు మీద పోదాం, ఎక్కుమా."

"నేనెక్కను నాయనా. జారితే పట్టుకునేదానికి దానికి తోకన్నా లేదు."

ఇంటికి పోయి పాలిచ్చే బర్రెను తోలుకొచ్చింది. పట్టుచీర, నా పరికిణీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తికి కట్టుకుంది. నన్ను బర్రె మీద కూర్చోబెట్టి, "కొమ్ములు పట్టుకోబాక, దానికి చిరాకు" అంది.

"మా, పిల్ల జాగ్రత్త!" అని మామ ఒడ్డున అరుస్తూనే ఉన్నాడు. నీళ్లు నా మోకాళ్ల దాకా వచ్చాయి. వెనక అవ్వ తోక పట్టుకుని తేలుతూ, పెళ్లిలో ఏమేం వండుతారో చెబుతూ వచ్చింది. నాకు భయం పోయి నవ్వు పట్టుకుంది.

ఒడ్డెక్కాక బర్రెను వెనక్కి మళ్లించబోతే అది కదల్లేదు. మేము నడిస్తే మా వెంట నడిచింది. మేము పెళ్లింట్లో తడిబట్టలు మార్చుకుంటుంటే బయట అవ్వ తమ్ముడి కేకలు.

"అక్కా! నీ బర్రె పందిరి మేస్తా ఉండాది!"

గుమ్మానికి కట్టిన అరటిచెట్టు సగం దాని నోట్లో ఉంది.

"దూరం నుంచి వచ్చిన చుట్టం కదరా, తిననీ" అంది అవ్వ.

తమ్ముడికి నవ్వే ఓపిక లేదు. ఆ ఎండకు పాలన్నీ విరిగిపోయాయట. మగపెళ్లివారు విడిదింట్లో దిగి కాఫీ కోసం చూస్తున్నారు. అవ్వ కొంగు బిగించి బిందె తెమ్మంది. దూడ పక్కన లేదు, పైగా మేళం హోరు. బర్రె చేపలేదు, చుక్క పాలు దిగలేదు.

"అయ్యా మేళగాళ్లూ, రవ్వంత సేపు ఆపండయ్యా!"

మేళం ఆగింది. అవ్వ దాని డొక్క నిమురుతూ ఏవో ఊసులు చెప్పింది. కాసేపటికి బిందెలో పాలు చుయ్ చుయ్‌మన్నాయి. పందిరంతా మూగింది. పెళ్లికొడుకు తండ్రి కూడా వచ్చి నిలబడ్డాడు. రెండో గ్లాసు కాఫీ తాగాక అడిగాడు:

"పాలకోసం పెళ్లికి బర్రెను తోలుకొచ్చినావా అమ్మా?"

"నేను తోలుకురాలేదయ్యా. అదే నన్ను తోలుకొచ్చింది."

ఆయన నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

తెల్లారి ముహూర్తానికి మామ వచ్చాడు. స్నేహితుడు బండి నడుపుతుంటే, వెనక దూడను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రాత్రంతా అది అరిచి ఎవరినీ నిద్రపోనివ్వలేదట. తాళి కట్టే వేళకు అవ్వ ఎక్కడా కనబడలేదు. నేను పెరట్లోకి పరిగెత్తాను. దూడ తల్లి దగ్గర కుడుస్తుంటే, అవ్వ పట్టుచీరతోనే పక్కన గొంతుక్కూర్చుని మురిసిపోతూ ఉంది.

"అవ్వా, తాళి కట్టేస్తా ఉండారు!"

"అయ్యో" అని ఒక్క ఉదుటున లేచి వచ్చింది. గడ్డిపరకలు అంటుకున్న చేత్తోనే అక్షింతలు వేసింది.