అందంగా రాని అంకెలు

ఇందుమూలముగా రెజిమెంటల్ బజార్‌లోని మా గల్లీ జనానికి తెలియజేయడమేమనగా: ఇకమీదట ఎవరైనా చాయ్‌లో ఎన్ని చెంచాల చక్కెరైనా వేసుకోవచ్చు. నాలుగు ఇడ్లీలు తిని రెండే తిన్నామని చెప్పుకోవచ్చు. మెట్ల మీద చెప్పులు అడ్డదిడ్డంగా విడిచిపోవచ్చు. లెక్క అడిగే మనిషి ఇక లేరు. మా లెక్కల టీచరమ్మ పోయిన మంగళవారం పొద్దున ఆస్పత్రిలో పోయారు.

నాకు సుగర్ పద్నాలుగో ఏట వచ్చింది. టైప్ వన్, అంటే బతికినన్నాళ్లూ ఇన్సులిన్ సూది పొడుచుకోవలసిన రకం. అప్పుడు ఎనిమిదో తరగతి, ఆవిడ క్లాసే. ఆ మరుసటి ఏడాది చదువు నన్ను వదిలేసింది, సూది వదల్లేదు. ముప్పై ఏళ్లు దాన్ని గుర్తొస్తే పొడుచుకున్నాను, బద్ధకమైతే మానేశాను. ఎడమ కాలికి రెండు వేళ్లు పోయాయి. కుడి కంటికి సాయంత్రమైతే అంతా మసక. అయినా నాకు ఆ జబ్బు ఆటవస్తువే. పెళ్లిళ్లలో సుగర్ పడిపోయిందని కళ్లు తేలేసి, జనం జాలిపడి నోట్లో పెట్టిన జిలేబీ నమిలి, లేచి కన్ను కొట్టేవాణ్ణి.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం చాయ్ బండి దగ్గర నిజంగానే పడ్డాను. జనం నవ్వారట. "మళ్ల డ్రామా షురూ చేసిండు, ఉండనీ, వాడే లేస్తడు" అన్నాడట బండాయన. కూరగాయల సంచితో పోతున్న టీచరమ్మ మాత్రం ఆగి నా చొక్కా పట్టుకు చూశారట. బండి మీది చక్కెర డబ్బా లాక్కుని నా దవడ లోపల రుద్దుతూ ఆవిడన్న మాట గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు: "నటించేవాడికి ఇంత చెమట పట్టదయ్యా."

ఆవిడ ఉండేది నా మిక్సీల రిపేరు దుకాణం పైన, మేడ మీద గదిలో. ఆ వారం నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నాకు ట్యూషన్. నలభై నాలుగేళ్లవాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని, డాక్టర్ రాసిచ్చిన కాగితం చూస్తూ త్రైరాశికం మొదలుపెట్టారు. "ఒక యూనిట్ ఇన్సులిన్ అంటే ఒక కూలీ అబ్బాయ్. నీకు ఒక్కో కూలీ పది గ్రాముల పిండిపదార్థం మోస్తాడు. ఈ గిన్నెడు ఉప్మాలో నలభై గ్రాములుంది. ఎంతమందిని పిలుస్తావ్?"

"అయిదుగుర్ని పిలుస్త టీచర్. ఒకడు బీడీ తాగుతడు."

"ఆ ఎక్కువైన ఒక్కడే ఉన్న చక్కెర కూడా మోసుకుపోయి నిన్ను చాయ్ బండి దగ్గర మళ్లీ పడేస్తాడు."

ఎనిమిదో తరగతిలో బుర్రకెక్కని లెక్క ఉప్మా చల్లారేలోపు ఎక్కింది.

పొద్దున నేను షట్టర్ ఎత్తగానే పైనుంచి "ఎంత, అబ్బాయ్?" అని వినపడేది. గిరాకీలు మిక్సీ ధర అనుకునేవాళ్లు. నేను వేలు గుచ్చి, మీటర్‌లో చూసి, అంకె అరిచి చెప్పాలి. అది నోటుపుస్తకంలో రాయాలి. ఆదివారం ఆవిడ ఎర్రపెన్నుతో అంకె పక్కన టిక్కు పెట్టేవారు.

మోకాళ్ల నొప్పితో ఆవిడ ఒక వారం మంచం దిగలేదు. పైనుంచి పిలుపు లేదు. నాకు పండగే. ఆదివారం వచ్చేసరికి ఒక్క కూర్చోవడంలో ఏడు రోజుల అంకెలు రాసి పట్టుకెళ్లాను. వంద, నూట పది, తొంభై, నూట ఇరవై. ఆవిడ చదివి, దిండు పక్కనున్న పేపర్ ఎత్తారు. కింద నా మీటర్. కిందటి ఆదివారం అక్కడే మరిచిపోయానన్న సంగతి కూడా నాకు తెలీదు.

"దీని కోసం వస్తావని వారమంతా చూశాను. రాలేదు. మరి ఎవరి రక్తం చూసి రాశావు?"

"అందాజా రాసిన టీచర్."

"రేపు కాలు తీసేస్తే కూడా అందాజాగానే నడుస్తావా?" అని, పుస్తకం నా ఒళ్లో పెట్టి నెమ్మదిగా అన్నారు: "కల్పించిన అంకెలే ఇంత అందంగా ఉంటాయి అబ్బాయ్. నిజం అంకె ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే వస్తుంది. అది రాయి. ఎంతున్నా నేను తిట్టను."

తిట్టలేదు. రెండు వందల ఎనభై మూడుకీ టిక్కు పెట్టారు, యాభై ఎనిమిదికీ టిక్కు పెట్టారు. అది మార్కులకు కాదని, నిజం చెప్పినందుకని అర్థమవడానికి నాకు చాలా నెలలు పట్టింది. డాక్టర్ తీసేయాలన్న మూడో కాలివేలు ఆ ఏడాది పుండు మాని మిగిలిపోయింది. అది ఆవిడ మిగిల్చిన వేలు.

పోయిన ఆదివారం చర్చిలోనే ఒక పక్క చచ్చుబడి పడిపోయారు. రెండు రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. మంగళవారం పొద్దున నన్ను లోపలికి పంపారు. ఆవిడ కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టి, "ఎంత, అబ్బాయ్?" అన్నారు. "సరిగ్గా వంద, టీచర్" అన్నాను. నవ్వారు. ఆ నవ్వుతోనే పోయారు.

సరిగ్గా వంద అన్నప్పుడే మీకు అనుమానం రావలసింది. ఆవిడ కళ్లు తెరవలేదు. ఏమీ అడగలేదు. నేను లోపలికి వెళ్లేసరికే ముఖం మీదికి దుప్పటి లాగేశారు. ఆ రెండు రోజులూ నేను మీటర్ ముట్టలేదు, సూది సరిగా పొడుచుకోలేదు. ఇంటికొచ్చి షట్టర్ సగం ఎత్తి, దాని కింద కూర్చుని వేలు గుచ్చుకున్నాను. మూడు వందల పదిహేడు. పైకి చూసి ఆ అంకె ఒకసారి గట్టిగా చెప్పాను. తర్వాత పుస్తకంలో రాశాను. దాని పక్కన టిక్కు పడాల్సిన చోటు తెల్లగా ఉంది.