మాలకీ బూర

మాలకీ టియర్నన్ రోజూ పొద్దున టీ తాగాక పాత మేజోడుతో బూర తుడిచి, పెరట్లోకి వెళ్ళి ఒక్కసారి మోగించేవాడు. పక్క పొలంలోని ఆవులు తలెత్తడం ఎప్పుడో మానేశాయి. వాటి యజమానికి మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

బూర అంటే పిల్లలది కాదు. తుక్కుకు పోయిన పాల లారీ నుంచి ఊడదీసి గ్యాసు డబ్బాకు తగిలించిన హారన్. తన ఊరు కిల్లబ్రాక్ జట్టు ఎక్కడ ఆడినా, వానైనా బురదైనా, కోటు జేబులో బూరతో మాలకీ అక్కడ ఉండేవాడు. జట్టు గెలిస్తే సగం గెలుపు బూరదేనని అతని లెక్క. ఓడిన రోజున ఆ లెక్క ఎత్తేవాడు కాదు.

అతని కూతురు ఫినోలా ఊరి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో గోల్ కీపర్. ఆ జట్టు కౌంటీ ఫైనల్ చేరడం ఆమె పుట్టాక అదే మొదలు. ఫైనల్ కోసం మైదానానికి కొత్త గడియారం, సమయం అయిపోగానే మోగే సైరన్ వచ్చాయి. సైరన్ మోగితే ఆట అక్కడికి సరి. ముందు రోజు దాన్ని మోగించి చూస్తుంటే విన్న ఫినోలా, ఇంటికి రాగానే తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ఆ సైరన్‌దీ నీ బూరదీ ఒకటే గొంతు. రేపు బూరను ఇంట్లో పెట్టి రా."

"నా బూర గొంతు దానికెక్కడిదే? అది ఉత్త దగ్గు."

"మాటివ్వు."

ఇచ్చాడు. మాటలివ్వడంలో మాలకీ ఏనాడూ పిసినారి కాదు. మర్నాడు బూర మైదానానికి వచ్చింది. మోగించడానికి కాదట, ఇంట్లో ఒంటరిగా ఉంటే దానికి దిగులట.

గట్టు మీద రెండు ఊళ్ళవాళ్ళూ ఎప్పటిలాగే కలిసి నిలబడ్డారు, ఒకరి ఫ్లాస్కులో టీ ఒకరు తాగుతూ, ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకుంటూ. మాలకీ పక్కన ఎదుటి జట్టువాళ్ళ ఊరు డ్రమ్‌కీల్ నుంచి వచ్చిన ముసలావిడ నూలా నిలబడింది. మీ పిల్ల చేతులకు వెన్న రాసుకొచ్చిందా అని అడిగి, అతనికో బిస్కెట్ ఇచ్చింది.

వాళ్ళ నాటు ఫుట్‌బాల్‌లో గోల్ స్తంభాల పైనుంచి బంతి పోయినా ఒక పాయింటు వస్తుంది. ఆఖరి నిమిషంలో కిల్లబ్రాక్ రెండు పాయింట్లు ముందుంది. డ్రమ్‌కీల్ పిల్ల కొట్టిన బంతికి ఫినోలా గాల్లోకి ఎగిరి అడ్డుపడింది. బంతి వెనక్కి తుళ్ళి గడ్డిలో పడింది. అది చూశాక కన్నతండ్రి చేయి జేబులోకి పోకుండా ఉంటుందా?

బూర మోగింది.

ఆట అయిపోయిందనుకుని కిల్లబ్రాక్ పిల్లలు వెళ్ళి ఫినోలాను వాటేసుకున్నారు. డ్రమ్‌కీల్ పిల్లలు ఆగలేదు. ఓడుతున్నవాళ్ళు సమయం అయిపోయిందంటే అంత తేలిగ్గా నమ్మరు. వాళ్ళలో ఒకతె ఆ బంతిని తాపీగా వలలోకి తన్నింది. గోల్‌కు మూడు పాయింట్లు. మోగింది సైరన్ కాదు, తాను విజిల్ ఊదలేదు గనక గోల్ చెల్లుతుందన్నాడు రిఫరీ. ఆ తర్వాత అసలు సైరన్ మోగింది.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి మాలకీ," అంది నూలా. "మేం గెలిచిన కప్పులో మొదటి గుక్క నీకే పోస్తాం."

ఇంటి వాకిట్లో కారు దిగాక ఫినోలా తండ్రి వైపు తిరిగింది.

"ఇకమీదట నేనాడే చోటికి వస్తే, నోరూ చేతులూ కట్టేసే పనేదైనా పెట్టుకుని రా. లేకపోతే రాకు నాన్నా."

అలాంటి పని క్లబ్బులో ఒకటుంది, గోల్ అంపైరుది. చేసేవాడు దొరక్క ఏళ్ళుగా ఖాళీ. ఇప్పుడు సొంత మైదానంలో ఆట జరిగినప్పుడల్లా మాలకీ తెల్ల కోటు వేసుకుని కూతురి గోల్ స్తంభం పక్కన నిలబడతాడు. ఆమెను దాటి బంతి వలలో పడితే, ఏమీ అనకుండా, గోల్ అయిందని ఆకుపచ్చ జెండా ఊపుతాడు.