గేరు మారేటప్పుడు కుడికాలు

మా నాయన కారు నడపడం మానేసింది నా మాట మీద. ఆయన పోయి ఏడాది కావస్తోంది. చక్కెర జబ్బు వల్ల మానేశాడని అమ్మ అనుకుంటుంది. నేనూ ఇన్నాళ్ళూ అలాగే అనుకోనిచ్చాను.

ఆయన గుడియాత్తంలో ఒక లుంగీల వ్యాపారి దగ్గర డ్రైవరు. ఆ వ్యాపారిని ఊరంతా ముదలాళి అనేవాళ్ళు, అరవంలో యజమాని అని. ఆయనదీ తెలుగిల్లే. ముదలాళి పాత కారుకి గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉండేది. నాయనకు బండి నేర్పిన ముసలి డ్రైవరు, స్పీడు చూపించే ముల్లు మీద తువ్వాలు కప్పి నేర్పాడట. ఇంజన్ ఎంత గట్టిగా అరిచాక క్లచ్ తొక్కాలో, ఎంత తగ్గాక పై గేరు వేయాలో చెవి చెప్పాలి గాని కన్ను కాదని అతని పట్టు. నాయన నాకు కూడా అదే నేర్పాడు, బండి ఇవ్వకుండానే. చిన్నప్పుడు వెనక సీట్లో కళ్ళు మూసుకుని "ఇప్పుడు మూడు, ఇప్పుడు నాలుగు" అని చెప్పేదాన్ని. తప్పు చెబితే ఒప్పుకునేవాడు కాదు, సరిగ్గా చెబితే మాట్లాడేవాడు కాదు.

తొంభైల చివర్లో ముదలాళి కొత్త కారు కొన్నాడు. లోపల ఏసీ, పెట్రోలు ఇంజన్. దానికి పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటర్ లేదని, అంతా కంప్యూటర్ చూసుకుంటుందని అమ్మినవాళ్ళు చెప్పారట. నాయన ఎప్పటిలాగే చెప్పులు విప్పి సీటు కింద పెట్టి, ఉత్తకాళ్ళతో నడపడం మొదలుపెట్టాడు.

నెల తిరక్కుండానే తేడా వచ్చింది. పాత బండిలో యాక్సిలరేటర్ మీద కాలు తీసి క్లచ్ తొక్కితే ఇంజన్ శబ్దం వెంటనే పడిపోయేది. కొత్త దాంట్లో పడేది కాదు. కాసేపు అక్కడే నిలబడేది, ఒక్కోసారి ఇంకాస్త లేచేది. నాయన అది దిగేదాకా ఆగేవాడు. ఈలోగా బండి నెమ్మదించేది, వెనక బస్సు హారన్ కొట్టేది. ఆగకుండా గేరు వేస్తే బండి ఎగిరిపడేది. వెనక కూర్చున్న ముదలాళి ఊరుకునే మనిషి కాదు.

"ఏమప్పా, గేరు మార్చేదానికి రాహుకాలం పోవాల్నా? కాలు తియ్యప్పా, కాలు. పెట్రోలు నీ మామగారు పోస్తాడా?"

"తీసినాను సామీ."

"తీస్తే అది ఎందుకు అరస్తాది? నా మీద కోపమా దానికి?"

ఇది నాయన ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పాడు. కాని ఆ నవ్వు వెనక ఒక భయం ఉండేది. అంతకు కొన్నాళ్ళ ముందే వేలూరు ఆసుపత్రిలో డాక్టరు ఆయన కుడి అరికాలిని సూదితో పొడిచి చూశాడు. రెండు చోట్ల ఆయనకు తెలియలేదు. కాలు తీశానని తనకు అనిపిస్తోంది గాని, నిజంగా ఆ కాలు ఇంకా పెడలు మీదే ఉంటోందేమో. ఆయన అలా లెక్క వేసుకున్నాడు. అలాంటి కాలితో బ్రేకు ఎలా తొక్కడం? వెనక సీట్లో ముదలాళి పిల్లలు కూడా కూర్చుంటారు.

అప్పుడు నేను వేలూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తూ హాస్టల్లో ఉండేదాన్ని. ఆదివారానికి ఇంటికొచ్చి ఉన్నాను. సోమవారం ఉదయం నాయన కారు సర్వీసుకు వేలూరు పోతూ నన్నూ ఎక్కించుకున్నాడు. ముందు సీట్లో కూర్చోమన్నాడు.

"నా కుడికాలు సూడమ్మా. క్లచ్ తొక్కేటప్పుడు అది లేస్తా ఉండాదా, లేదా? నువ్వు సదువుకున్నదానివి, ఉన్నదున్నట్టు సెప్పు. మీ అమ్మనడిగితే ఏడస్తాది."

ఊరు దాటేలోపు రెండుసార్లు చూశాను. మడమ పగిలి ఉంది. బొటనవేలి పక్కన నల్లబడిన పుండు, దాని మీద పసుపు. గేరు మారుతున్నప్పుడు ఆ కాలు ఎక్కడుందో నేను చూడలేదు. పుండు చూశాను. తర్వాత కిటికీ వైపు తిరిగాను. చెవి ఉంది కదా అనుకున్నాను. పళ్ళికొండ దాకా వింటూనే ఉన్నాను. గేరు మార్చిన ప్రతిసారీ క్లచ్ తొక్కాక కూడా ఇంజన్ అరుస్తూనే ఉంది.

పెద్ద రోడ్డు ఎక్కాక అడిగాడు. "ఎట్లుండాది?"

"ఆలస్యంగా లేస్తా ఉండాది నాయనా."

"అంతేనా," అన్నాడు. ఆ సాయంత్రమే తాళం ముదలాళికి ఇచ్చేశాడు. ముదలాళి మంచివాడే, గోడౌనులో కాపలా పని ఇచ్చాడు. నాయన మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. కొన్నాళ్ళకు వీధిలో పోయే బండ్ల గురించి మాట్లాడడం కూడా మానేశాడు. అంతకుముందైతే రోజంతా అదే మాట.

నాలుగైదేళ్ళ తర్వాత నేను సెకండ్ హ్యాండ్ కారొకటి కొనుక్కున్నాను, ముదలాళి కొత్త కారులాంటి ఇంజనే. వారం నడిపేసరికి నా కాలూ ఆలస్యమవుతోందని అనిపించింది. నాకూ చక్కెర వచ్చిందనుకుని రక్తం పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. అప్పుడు మెకానిక్ దగ్గరికి పోయాను. అతను డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజన్ గట్టిగా అరిపించి, క్లచ్ తొక్కి, కుడికాలు తీసి సీటు మీద మఠం వేసుకున్నట్టు మడిచి పెట్టుకున్నాడు.

"సూడక్కా, నా కాలు యాడుండాది?"

ఇంజన్ ఇంకా అరుస్తూనే ఉంది. కాసేపటికి మెల్లగా దిగింది.

"ఇదంతా కంప్యూటర్ పని. ఉన్నట్టుండి గాలి మూసేస్తే పొగ ఎక్కువొస్తాదని అదే మెల్లగా దించుతాది. కాలుకీ దానికీ సమ్మందం లేదు. పాత డ్రైవర్లు శానామంది ఈడికొచ్చి నన్నే తిట్టినారు."

అతనికి ఏం చెప్పి బయటపడ్డానో గుర్తులేదు.

ఆ వారమే నాయనను ఆసుపత్రికి తీసుకురావాల్సి వచ్చింది. అప్పటికి బొటనవేలు తీసేశారు. మా బంధువుల్లో తాపీ పని చేసే ఒకతను ఆయనను ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. దారిలో నాయనకు మెకానిక్ చెప్పినదంతా చెప్పాను. నమ్మలేదు.

"నా మనసు కుదుటబడాలని అంటా ఉండావు."

"లేదు నాయనా. నా కాలే సూడు."

ఆయన వంగి చూశాడు. విరించిపురం దాకా తల ఎత్తలేదు. నేను గేరు మార్చిన ప్రతిసారీ నా కాలు గాలిలో ఉండడం, ఇంజన్ శబ్దం దిగకపోవడం రెండూ గమనించాడు. నేను ఒక్కసారి కూడా సరిగ్గా చూడని పనిని ఆయన అన్నిసార్లు చూశాడు. చివరికి వెనక్కి ఆనుకున్నాడు.

"నిజమే," అన్నాడు. కొంచెం దూరం పోయాక అడిగాడు. "ఆ పొద్దు నువ్వు నా కాలు సూసినావు కదమ్మా?"

లేదని అనాలి. చెవితో విని చెప్పాను, పుండు చూడలేక ముఖం తిప్పుకున్నాను, నీ కాలు బాగానే ఉండి ఉంటుంది అని చెప్పాలి. ఎదురుగా లారీ ఉంది, దాన్ని దాటుతున్నాను. దాటిన తర్వాత కూడా అదే మాట వచ్చింది.

"సూసినాను నాయనా."

"ఆలస్యంగానే లేసిందా?"

"ఆలస్యంగానే."

"అట్లయితే తప్పు బండిదీ ఉండాది, నాదీ ఉండాది. దిగిపోయింది మంచిదేలే. పిల్లోళ్ళు కూసునే బండి." నా భుజం తట్టాడు. ఆయన ముఖం తేలికపడింది. అది చూసి ఆ క్షణానికి నేనూ తేలికపడ్డాను.

ఆ తర్వాత మూడు నెలలు బతికాడు. ప్రతి ఆదివారం గుడియాత్తం వెళ్ళాను. కాలికి కట్టు మార్చాను, అన్నం కలిపి పెట్టాను, పేపరు చదివి వినిపించాను. చెప్పలేదు.